డివిజన్ 3 ఫుట్‌బాల్ కోచింగ్ స్టాఫ్: కట్టే ఫీజుకి ఏం దొరుకుతుంది?

అమెరికాలో చిన్న కాలేజీ ఫుట్‌బాల్ అంటే ఎక్కువ భాగం ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే పెద్ద సంఘం) డివిజన్ 3. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ హెల్మెట్ పెట్టుకుని ఆడేదే, సాకర్ సంగతి కాదు. డివిజన్ 2లో ఒక్కో టీమ్ 36 స్కాలర్‌షిప్‌ల విలువ దాకా ఆటగాళ్ళకి పంచుకోవచ్చు, ఎన్‌ఏఐఏ అనే ఇంకో చిన్న సంఘంలో 24 దాకా. డివిజన్ 3లో ఆట పేరు మీద ఒక్క డాలరు ఇవ్వడానికి కూడా వీల్లేదు. చదువుని బట్టి, ఇంటి ఆదాయాన్ని బట్టి వచ్చే సాయం తప్ప మిగతాది కుటుంబమే కట్టుకోవాలి. అంటే ఇక్కడ ఆటగాడే కస్టమర్. ఫీజు కట్టి కొంటున్నవాటిలో నాలుగేళ్ళ కోచింగ్ కూడా ఒకటి. అయినా మేజర్ (ప్రధాన సబ్జెక్టు) గురించి, డార్మ్ గది గురించి, భోజనం గురించి గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళు కోచింగ్ స్టాఫ్ దగ్గరికి వచ్చేసరికి హెడ్ కోచ్ నాలుగు మంచి మాటలు చెబితే తృప్తి పడిపోతారు. ఆయన బాగానే మాట్లాడతాడు. ఉద్యోగంలో సగం అదే.

ఈ స్థాయిలో గొప్ప హెడ్ కోచ్‌లు లేరని కాదు. ఒహాయోలోని మౌంట్ యూనియన్‌లో ల్యారీ కేరెస్ 1986 నుంచి 2012 దాకా 332 ఆటలు గెలిచి 24 మాత్రమే ఓడారు, 11 జాతీయ టైటిళ్ళు తెచ్చారు. కోచింగ్‌తో పాటు అథ్లెటిక్ డైరెక్టర్ బాధ్యత కూడా ఆయనే మోశారు. విస్కాన్సిన్-వైట్‌వాటర్‌లో లాన్స్ లైపోల్డ్ ఎనిమిది సీజన్లలో 109 గెలిచి 6 ఓడారు, 6 టైటిళ్ళు కొట్టారు. అక్కణ్ణించి బఫెలో యూనివర్సిటీకి, తర్వాత కాన్సస్ యూనివర్సిటీకి వెళ్ళారు. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఈగిల్స్ హెడ్ కోచ్‌గా సూపర్ బౌల్ (ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్) గెలిచిన నిక్ సిరియానీ కాలేజీలో ఆడింది మౌంట్ యూనియన్‌కే, కోచింగ్‌లో ఓనమాలు దిద్దుకున్నదీ అక్కడే. ఇక్కడ అందరూ గెలుపుల సంఖ్య చూస్తారు. అంతకంటే పనికొచ్చే విషయం ఇంకొకటుంది. కేరెస్ తప్పుకున్నాక పగ్గాలు అందుకున్న ఆయన కొడుకు విన్స్ అప్పటికే అదే టీమ్‌లో డిఫెన్సివ్ కోఆర్డినేటర్, అంటే ఎదుటివాళ్ళని ఆపే భాగానికి పెద్ద కోచ్. పాఠం మారలేదు, చెప్పే మనిషే మారాడు. 2015లో, 2017లో మళ్ళీ టైటిళ్ళు వచ్చాయి.

మామూలు చిన్న కాలేజీలో హెడ్ కోచ్ రోజంతా బడ్జెట్, బస్సుల బుకింగ్, పూర్వ విద్యార్థుల దగ్గర విరాళాలు, అడ్మిషన్స్ ఆఫీసుతో మీటింగుల్లోనే గడిచిపోతుంది. చాలా చోట్ల వ్యాయామ విద్యలో ఒక క్లాసు కూడా ఆయన నెత్తినే ఉంటుంది. మీ అబ్బాయి లెఫ్ట్ గార్డ్ (బంతికి దారి చేసే ముందు వరసలో, అంటే అఫెన్సివ్ లైన్‌లో ఒకడు) అయితే నాలుగేళ్ళలో అతని కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూసి సరిదిద్దేది హెడ్ కోచ్ కాదు, అఫెన్సివ్ లైన్ కోచ్. కాబట్టి ఈ రివ్యూలో ఎక్కువ భాగం రెండో వరసలో ఉన్నవాళ్ళ గురించే.

ముందు తలలు లెక్కపెట్టండి. కాలేజీ వెబ్‌సైట్‌లో స్టాఫ్ పేజీ తెరిస్తే పదకొండు, పన్నెండు ఫొటోలు కనిపిస్తాయి, చూడ్డానికి నిండుగా ఉంటుంది. అందులో పూర్తి జీతం మీద ఉన్నవాళ్ళు సాధారణంగా ముగ్గురో, ఐదుగురో. మిగతావాళ్ళలో ట్యూషన్ మాఫీ మీద మాస్టర్స్ చదువుతూ పనిచేసే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు, సీజన్‌కి కొంత స్టైపెండ్ తీసుకునే పార్ట్ టైం వాళ్ళు, ఏమీ తీసుకోని వాలంటీర్లు, గాయపడి ఆట మానేసిన విద్యార్థి కోచ్‌లు ఉంటారు. ఫొటో పక్కన ఇవన్నీ రాయరు. తెలుసుకోవడానికి అడ్డదారి ఒకటుంది: అమెరికా విద్యాశాఖ వాళ్ళ ఈక్విటీ ఇన్ అథ్లెటిక్స్ వెబ్‌సైట్. కాలేజీ పేరు కొడితే ఆటల వారీగా ఎంతమంది ఆటగాళ్ళు, ఎంతమంది అసిస్టెంట్ కోచ్‌లు, వాళ్ళలో ఫుల్ టైం ఎందరు, పార్ట్ టైం ఎందరు, నిర్వహణకి ఎంత ఖర్చు పెట్టారు అన్నీ ఏడాది వారీగా వస్తాయి. డబ్బు ఖర్చు లేని పని, పది నిమిషాల్లో అయిపోతుంది. ఎందుకో గానీ దీని జోలికి వెళ్ళే తల్లిదండ్రులు చాలా తక్కువ.

ఈ లెక్క మైదానంలో ఏం చేస్తుందో చూడండి. రెండు గంటల ప్రాక్టీస్‌ని ఐదేసి నిమిషాల పీరియడ్లుగా, అంటే 24 ముక్కలుగా కోస్తారు. అందులో పొజిషన్ కోచ్ (ఒక్కో స్థానం ఆటగాళ్ళకి నేర్పేవాడు) తన పిల్లల్ని పక్కకి తీసుకెళ్ళి టెక్నిక్ నేర్పే ‘ఇండీ’ పీరియడ్లు నాలుగు, అంటే 20 నిమిషాలు. లైన్‌మెన్ 20 మంది, కోచ్ ఒక్కడు అనుకుందాం. ఒకసారి బ్లాక్ చేసి (ఎదుటివాణ్ణి అడ్డుకుని), తిరిగి నిలబడి, ఒక మాట చెప్పించుకోవడానికి 20 సెకన్లు. మొత్తం 60 రెప్స్ (ఒకసారి చేస్తే ఒక రెప్) వస్తాయి. మనిషికి మూడు. కోచ్ కంటి ముందు రోజుకి మూడే బ్లాకులు చేసి ఏ కుర్రాడూ మెరుగుపడడు. ఇంకో కోచ్‌ని పెట్టి లైన్ చివరల ఆడే టాకిల్స్‌ని ఒకవైపు, మధ్యలో ఆడే గార్డులు సెంటర్లని ఇంకోవైపు విడదీస్తే అదే సమయంలో మనిషికి ఆరు అవుతాయి. రెండో కోచ్ లేనిచోట కొందరు నలుగురేసి చొప్పున ఒకేసారి చేయిస్తారు. రెప్స్ పెరుగుతాయి, చూసే కళ్ళు మాత్రం రెండే. తప్పు స్టెప్ నాలుగుసార్లు చేసి అలవాటు చేసుకోవడం తప్ప లాభం ఉండదు. తెలివైన స్టాఫ్ డ్రిల్‌ని ఐప్యాడ్‌తో వెనక నుంచి తీసి, సాయంత్రం మీటింగ్‌లో ఒక్కొక్కరివి రెండు మూడు క్లిప్పులు చూపిస్తారు. చిన్న కాలేజీలో ఇది జరుగుతోందంటే ఆ లైన్ కోచ్ పని తెలిసినవాడే.

తరవాతది పొజిషన్ కోచ్ ఎంతకాలం ఉంటాడన్నది. ఈ సర్వీసులో అన్నిటికంటే బలహీనమైన భాగం ఇదే. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ డిగ్రీ రెండేళ్ళు, అది అయ్యాక పైమెట్టుకి వెళ్ళిపోతాడు. తప్పు అతనిది కాదు, ఆ ఉద్యోగమే అలా కట్టారు. నష్టం మాత్రం ఆటగాడికి. ఒక కోచ్ పాస్ ప్రొటెక్షన్‌లో (బంతి విసిరేవాణ్ణి కాపాడటంలో) నేరుగా వెనక్కి జరిగి స్థలం ఇవ్వమంటాడు, తర్వాత వచ్చినవాడు 45 డిగ్రీల కోణంలో జరిగి తొందరగా అందుకోమంటాడు. ఒకరు రెండు చేతులూ కలిపి గుద్దమంటారు, ఇంకొకరు చేతుల్ని విడివిడిగా వాడమంటారు. రెండూ పనిచేసే పద్ధతులే. ఏడాదికొకటి మారిస్తే రెండూ ఒంటబట్టవు. డిఫెన్స్‌లో రెండో వరసలో ఉండే లైన్‌బ్యాకర్లకైతే చూడాల్సిన ‘కీ’నే (ఎటు కదలాలో తెలిపే ఎదుటి ఆటగాడు) మారిపోతుంది: మొన్నటిదాకా గార్డుని చూడమన్నారు, ఇప్పుడు బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌ని చూడమంటున్నారు. సెప్టెంబర్‌లో అతను అరసెకను ఆలస్యంగా కదిలితే ‘వేగం లేదు’ అని బెంచి మీద కూర్చోబెడతారు. కారణం కాళ్ళలో లేదు. కాబట్టి ‘గత నాలుగేళ్ళలో మా వాడి పొజిషన్‌కి ఎంతమంది కోచ్‌లు మారారు?’ అని అడగండి. ఒకరో ఇద్దరో అంటే మంచిది. నలుగురంటే కొత్త జిమ్ చూపించి మాట మార్చినా సరే, మీరు మాత్రం మార్చకండి.

పార్ట్ టైం అనగానే ముఖం చిట్లించక్కర్లేదు. చుట్టుపక్కల హైస్కూల్లో పాతికేళ్ళు కోచింగ్ చేసి రిటైరై, సాయంత్రం నాలుగున్నర ప్రాక్టీస్‌కి కారేసుకుని వచ్చే పెద్దాయన ఒకరు ఇలాంటి స్టాఫుల్లో తరచూ ఉంటారు. కుర్ర అసిస్టెంట్ల కంటే పాఠం చెప్పడం ఆయనకే బాగా వస్తుంది, పైగా ఆయన ఎక్కడికీ పోడు. లోటల్లా పగటిపూట దొరకకపోవడమే. మధ్యాహ్నం క్లాసుల మధ్య ఆటగాడు వీడియో చూద్దామని ఆఫీసుకి వస్తే తలుపు మూసి ఉంటుంది. లైన్, సెకండరీ (విసిరిన బంతిని ఆపే వెనక వరస) లాంటి పెద్ద గదులకి, అంటే పెద్ద గుంపులకి, ఫుల్ టైం వాళ్ళని, రన్నింగ్ బ్యాక్స్, టైట్ ఎండ్స్ (బ్లాక్ చేస్తూ బంతి కూడా పట్టేవాళ్ళు) లాంటి చిన్న గదులకి పార్ట్ టైం వాళ్ళని పెట్టిన స్టాఫ్ ఆలోచించి కట్టిన స్టాఫ్. తలకిందులుగా ఉంటే ఎవరికి ఏది ఇష్టమో అది పంచుకున్నారని అర్థం.

కోఆర్డినేటర్ల పని శనివారం ఆటలో కనిపిస్తుంది గానీ జరిగేది ఆదివారం. ఎదుటి టీమ్ వీడియో హడల్ అనే వీడియో సర్వీసులో వస్తుంది. ప్రతి ప్లేకీ (ఒక్కో ఎత్తుకీ) డౌన్ (పది గజాలకి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), మిగిలిన దూరం, హ్యాష్ (బంతి మైదానంలో ఏ పక్కనుంది), పర్సనెల్ (ఏ రకం ఆటగాళ్ళు ఎందరు), ఫార్మేషన్ (ఎలా నిలబడ్డారు), ఫ్రంట్ (డిఫెన్స్ ముందు వరస అమరిక), కవరేజ్ (బంతి పట్టేవాళ్ళని ఎలా కాచారు) అని గడులు నింపాలి. పెద్ద యూనివర్సిటీలో దీనికి మనుషులు వేరే ఉంటారు. ఇక్కడ శనివారం రాత్రి బస్సులో ఒక గ్రాడ్యుయేట్ అసిస్టెంటో, ఇద్దరు విద్యార్థులో చేస్తారు. ఒక్క టైట్ ఎండ్ ఉన్న ‘11 పర్సనెల్’ని ఇద్దరున్న ‘12’గా కొడితే ఆ తర్వాత తీసే రిపోర్టులన్నీ చెడిపోతాయి. అంతకంటే లోతైన చిక్కు శాంపిల్‌ది. నాలుగు ఆటలు, ఆటకి 60 ప్లేలు అనుకుంటే 240. అందులో మూడో డౌన్, నాలుగు నుంచి ఆరు గజాల దూరం అన్నవి మహా అయితే పదిహేను. వాటిని హ్యాష్ ప్రకారం, ఫార్మేషన్ ప్రకారం విడగొడితే ఒక్కో గడిలో రెండో మూడో మిగులుతాయి. మూడింట రెండుసార్లు బ్లిట్జ్ చేశారని (బంతి విసిరేవాడి మీదికి అదనపు మనుషుల్ని పంపారని) ‘67 శాతం’ అని కాల్ షీట్ మీద రాసుకుని దాని మీద గేమ్ ప్లాన్ కట్టే కోఆర్డినేటర్లు ఈ స్థాయిలో తక్కువేం లేరు. మంచివాడు ఇంత సన్నగా కోయడు. మొదటి డౌన్‌లో ఏ ఫ్రంట్ వేస్తున్నారు, రెడ్ జోన్‌లో (గోల్ లైన్ ముందు 20 గజాల్లో) మనిషికి మనిషి కవరేజా, జోనా అన్న పెద్ద ప్రశ్నలకి జవాబు తీసుకుని మిగతా సమయం సొంత ఆటగాళ్ళ మీద పెడతాడు.

సైడ్‌లైన్ సమాచారం కూడా చూడాల్సిందే. డివిజన్ 1లో పై అంచె అయిన ఎఫ్‌బీఎస్‌లో 2024 నుంచి హెల్మెట్ రేడియో వచ్చింది. డివిజన్ 3లో మామూలుగా చేతి సైగలు, మణికట్టు మీద నంబర్ల పట్టీలే. ప్లే అయ్యాక 40 సెకన్ల గడియారం మొదలవుతుంది. పైన బాక్సులో ఉన్న కోచ్ డౌన్, దూరం చెప్పాలి, కోఆర్డినేటర్ కాల్ ఇవ్వాలి, పర్సనెల్ మారాలి, సైగ వెళ్ళాలి. గడియారం 20 దగ్గరికి వచ్చేసరికి సైగ చేరిపోతే క్వార్టర్‌బ్యాక్‌కి (బంతి అందుకుని ఆట నడిపేవాడికి) డిఫెన్స్‌ని చదివే తీరిక ఉంటుంది. ఒక ఆట మొత్తం స్టాప్‌వాచ్ పట్టుకుని చూస్తే స్టాఫ్ సంగతి తెలిసిపోతుంది. పదేపదే ఏడెనిమిది సెకన్లున్నప్పుడు స్నాప్ (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం) తీస్తున్నారంటే, ఆలస్యానికి వేసే డిలే ఆఫ్ గేమ్ పెనాల్టీలు పడుతున్నాయంటే కుర్రాళ్ళని తిట్టి లాభం లేదు, గొట్టం పైనుంచే పూడుకుపోయింది.

బంతిని తన్నే సందర్భాల్లో దిగే స్పెషల్ టీమ్స్‌కి ఈ స్థాయిలో పదికి నాలుగు మార్కులు. యూనిట్లు ఆరు: కికాఫ్, కికాఫ్ రిటర్న్, పంట్ (బంతిని ఎదుటివాళ్ళ వైపు దూరంగా తన్నేయడం), పంట్ రిటర్న్, ఫీల్డ్ గోల్, దాన్ని ఆపే బ్లాక్ యూనిట్. వీటన్నిటికీ కలిపి ప్రత్యేకంగా ఒక ఫుల్ టైం కోచ్‌ని పెట్టే చిన్న కాలేజీ అరుదు. ఇంకో పొజిషన్ కోచ్ దీన్ని అదనంగా మోస్తాడు, ప్రాక్టీస్‌లో దీనికి ఐదేసి నిమిషాల ముక్కలు రెండు దొరుకుతాయి. కికర్, పంటర్, లాంగ్ స్నాపర్ మైదానం చివర వాళ్ళంతట వాళ్ళే ఏదో చేసుకుంటూ ఉంటారు. పంట్‌లో స్నాప్ 14, 15 గజాలు వెళ్ళాలి, 0.8 సెకన్ల లోపు చేరాలి. స్నాప్ నుంచి కాలు తగిలేదాకా మొత్తం 2.1 సెకన్లు దాటితే బ్లాక్ ప్రమాదమే. ఫీల్డ్ గోల్‌కి హద్దు 1.3 ప్రాంతం. ఈ సమయాలు రోజూ ఎవరు కొలుస్తున్నారని అడిగితే స్టాఫ్‌లో ఎవరూ వెంటనే జవాబు చెప్పలేకపోవడం మామూలే. మీ అబ్బాయి కికర్ అయితే బయట వేసవి క్యాంపుల్లో నేర్చుకున్నదే నాలుగేళ్ళ పెట్టుబడి అనుకోండి.

రిక్రూటింగ్ గురించి సూటిగా చెప్పాలి. డివిజన్ 3లో చాలా ప్రైవేటు కాలేజీలకి ఫుట్‌బాల్ టీమ్ అంటే అడ్మిషన్లు తెచ్చే మార్గం. ఒక్కో అసిస్టెంట్‌కి కొన్ని జిల్లాలు అప్పగించి, ఇంతమందిని తేవాలని లక్ష్యం పెడతారు. ఉదాహరణకి ఏటా 40 మంది ఫ్రెష్‌మెన్ (మొదటి ఏడాది వాళ్ళు) చేరి, ఏడాదికి పావువంతు చొప్పున మానేస్తే నాలుగు తరగతుల్లో 40, 30, 23, 17 మంది మిగులుతారు, మొత్తం 110. అంటే చేరిన 40 మందిలో 23 మంది సీనియర్ ఏడాది చూడకుండానే ఆట వదిలేస్తారు. దీన్ని మీరే కొలవొచ్చు. మూడేళ్ళ కిందటి రోస్టర్ (ఆటగాళ్ళ జాబితా) తెరిచి ఫ్రెష్‌మెన్ పేర్లు రాసుకోండి, ఇప్పటి రోస్టర్‌లో సీనియర్లుగా ఎందరున్నారో టిక్కులు పెట్టండి. సగం మిగిలితే స్టాఫ్ పిల్లల్ని చూసుకుంటోందని చెప్పొచ్చు. నాలుగో వంతే మిగిలితే తెచ్చేటప్పుడున్న శ్రద్ధ తెచ్చాక లేదు. మీ వాడి పొజిషన్ ఒక్కదానికే విడిగా ఈ లెక్క తీస్తే ఇంకా నిజం తెలుస్తుంది. ఫ్రెష్‌మెన్‌కి జేవీ (రెండో జట్టు) ఆటలు ఎన్ని పెడుతున్నారో కూడా అడగండి. నిండు రోస్టర్ ఉండి జేవీ షెడ్యూల్ లేకపోతే మొదటి రెండేళ్ళు స్కౌట్ టీమ్‌లో ఎదుటివాళ్ళ ప్లేలు కార్డు చూసి ఆడటంతోనే సరిపోతుంది.

రోస్టర్ మరీ పలచగా ఉన్నా ముప్పే. అయోవాలోని గ్రినెల్ కాలేజీ 2019లో గాయాలతో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు 28 మందికి పడిపోయారని సీజన్ మధ్యలోనే మిగతా ఆటలు రద్దు చేసుకుంది. నిజానికి అది సరైన నిర్ణయం. తక్కువమందితో నెట్టుకొస్తే అలసిన కుర్రాడు ఆఫెన్స్, డిఫెన్స్, కికాఫ్ అన్నీ ఆడతాడు, మోకాళ్ళు పోయేది అప్పుడే.

స్టాఫ్ పేజీలో కోచ్‌ల కింద ఎక్కడో చిన్న ఫొటోతో ఉండే అథ్లెటిక్ ట్రైనర్‌కి ఈ రివ్యూలో అందరికంటే ఎక్కువ బరువు ఇస్తాం. జిమ్ ట్రైనర్ కాదు, గాయాలు చూసే లైసెన్సున్న మనిషి. మొదట తెలుసుకోవాల్సింది అతను ఎవరికి జవాబుదారీ అన్నది. హెల్త్ సెంటర్‌కో, టీమ్ డాక్టర్‌కో అయితే బాగు. హెడ్ కోచ్ ఇష్టాయిష్టాల మీద అతని ఉద్యోగం ఆధారపడితే శనివారం మూడో క్వార్టర్‌లో ‘వీడు ఆడకూడదు’ అనడానికి నోరు పెగలదు. కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అని తేలినవాడు ఆ రోజు తిరిగి ఆడకూడదు. ఆ తర్వాత తేలికపాటి కదలిక, పరుగు, దెబ్బ తగలని డ్రిల్స్, పూర్తి ప్రాక్టీస్ అంటూ మెట్లు ఎక్కించాలి. ఒక్కో మెట్టుకీ కనీసం 24 గంటలు, లక్షణం మళ్ళీ కనబడితే కింది మెట్టుకి. ‘మా దగ్గర మూడు రోజుల్లో వచ్చేస్తారు’ అని గొప్పగా చెప్పే స్టాఫ్‌కి దూరంగా ఉండండి.

ఆగస్టు వేడి ఇంకా పెద్ద పరీక్ష. మొదటి కొన్ని రోజులు శరీరాన్ని అలవాటు చేయాలి: ముందు హెల్మెట్ మాత్రమే, తర్వాత హెల్మెట్‌తో షోల్డర్ ప్యాడ్లు, ఆ తర్వాతే పూర్తి సామాను. మైదానం పక్కన ఐస్, నీళ్ళు నింపిన టబ్ సిద్ధంగా ఉండాలి. వడదెబ్బకి కుప్పకూలిన ఆటగాడి లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. అతన్ని ముందు టబ్‌లో చల్లబరచాలి, ఆ తర్వాతే అంబులెన్స్ ఎక్కించాలి. ఈ వరస తారుమారు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది, దారిలో పోయే నిమిషాలే నష్టం చేస్తాయి. నుదుటి మీద, చంకలో పెట్టే థర్మామీటర్ ఇలాంటప్పుడు తప్పు చూపిస్తుంది, మలద్వారం నుంచి తీసే కొలతే నమ్మదగ్గది. క్యాంపస్ టూర్‌లో టబ్ ఎక్కడుంది, ఏఈడీ (గుండె ఆగితే షాకిచ్చే పరికరం) ఎక్కడుంది అని అడగండి. వెళ్ళి చూపించినవాళ్ళకి పూర్తి మార్కులు. ఫోన్ చేసి కనుక్కుంటామన్నవాళ్ళకి సున్నా.

ప్రాక్టీస్‌లో ఒకరినొకరు ఢీకొట్టడం ఎంత ఉండాలన్న దానిమీద పాతకాలపు బింకం కొన్ని స్టాఫుల్లో ఇంకా పోలేదు. మినెసోటాలోని సెయింట్ జాన్స్‌లో జాన్ గాలియార్డీ ప్రాక్టీస్‌లో టాక్లింగే (ఎదుటివాణ్ణి పట్టి పడేయడం) నిషేధించారు, విజిల్ కూడా వాడలేదు, తనని ‘కోచ్’ అని పిలవనివ్వలేదు. 2012లో రిటైరయ్యేనాటికి ఆయన గెలుపులు 489, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంకెవరికీ అన్ని లేవు. సీజన్ మధ్యలో బుధవారం కూడా నేలమీద పడేసే టాక్లింగ్ పెట్టేవాళ్ళని దానివల్ల ఏం వస్తోందో చెప్పమనండి.

వెళ్ళి చూడాలనుకుంటే ఆటలున్న శనివారం వద్దు, ఆ రోజు అందరూ పెళ్ళివారిలా ఉంటారు. సీజన్‌లో మంగళవారం ప్రాక్టీస్‌కి వెళ్ళండి. పీరియడ్ల షీట్ అచ్చు వేసి ఉందా, హార్న్ మోగగానే కుర్రాళ్ళకి ఎటు పరిగెత్తాలో తెలుసా, మూడో వరస ఆటగాళ్ళతో ఎవరైనా కోచ్ మాట్లాడుతున్నాడా అన్నవి గంటలో తేలిపోతాయి. డబ్బు విషయం మాత్రం కోచ్‌తో మాట్లాడకండి. డివిజన్ 3లో ఆర్థిక సాయం నిర్ణయాల్లో అథ్లెటిక్స్ వాళ్ళు వేలు పెట్టకూడదు. ‘నేను ప్యాకేజీ చూసుకుంటా’ అన్న కోచ్ నియమమైనా తెలియనివాడు, మాటైనా నిలబెట్టుకోలేనివాడు. కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, అక్కడ లెక్క వేసుకుని ఎయిడ్ ఆఫీసుతోనే తేల్చుకోండి.

అసిస్టెంట్లు ఉద్యోగాలు మారే కాలం ఆట ముగిశాక మొదలవుతుంది. జనవరిలో ఫుట్‌బాల్ కోచ్‌ల సంఘం మహాసభ, అక్కణ్ణించి వసంతం దాకా బదిలీలే. మీ అబ్బాయిని శరదృతువులో రిక్రూట్ చేసిన పొజిషన్ కోచ్ మార్చికల్లా ఇంకో రాష్ట్రంలో ఉండొచ్చు. చాలా కాలేజీల్లో డిపాజిట్ గడువు మే 1. ఏప్రిల్ చివరి వారంలో స్టాఫ్ పేజీ మరోసారి తెరిచి, ఆ పేరు ఇంకా ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి. లేకపోతే వచ్చిన కొత్తవాడితో ఒక పావుగంట ఫోన్‌లో మాట్లాడాలని అడగండి.